దర్శనానంతరం మౌఖిక పరీక్ష

తిరుపతిలోని మా విశ్వవిద్యాలయం తత్వశాస్త్ర విభాగంలో, 2003 వేసవిలో ఈ ప్రకటన వెలువడింది: "పరిశోధక విద్యార్థిని ఉమ్మే సల్మా గారి పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష, ఢిల్లీ పరీక్షకులవారు స్వామి దర్శనం చేసుకుని కొండ దిగిన వెంటనే జరుగును." ఎన్ని గంటలకో రాయలేదు. క్యూ ఎప్పుడు కదులుతుందో చెప్పడం తత్వశాస్త్రం పరిధిలోకి రాదు.

మా దగ్గర ఇది చాలాకాలంగా పాటిస్తున్న విద్యా ప్రమాణం. పరీక్షకులు దొరకడం మాకెన్నడూ కష్టం కాలేదు. సిద్ధాంత గ్రంథం లావు చూసి బెంబేలెత్తే పండితులు కూడా తిరుపతి అనగానే భార్య, అత్తగారు, తోడల్లుడి కుటుంబంతో సహా జ్ఞానాన్వేషణకు బయలుదేరతారు. విభాగాధిపతి ఆచార్య గంగాధరం గారు తత్వశాస్త్రానికి చేసిన సేవ ఇంకా వెలుగు చూడవలసి ఉంది గానీ, దర్శనానికి సిఫారసు సంపాదించడంలో ఆయనకు సాటి లేరు.

సల్మాది బంగారుపాళ్యం. ఆమె విషయం, అమెరికాలో స్పానిష్ మాట్లాడే, మెక్సికో వంటి దేశాల మూలాలున్న కుటుంబాల స్త్రీల తత్వచింతన. దొరలు వెళ్లిపోయినా ఏది జ్ఞానమో తేల్చే పెత్తనం వాళ్ల చూపుకే మిగిలిందనీ, రెండు భాషల మధ్య బతికే ఆడవాళ్ల మాటలోనూ తత్వం ఉంటుందనీ ఆ స్త్రీలు వాదించారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చివరి అధ్యాయం మాత్రం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే తన నానీ, అంటే అమ్మమ్మ, మీద రాసింది. ఆ ముసలామె ఇంట్లో ఉర్దూ, రైతులతో తెలుగు, లారీవాళ్లతో అరవం మాట్లాడుతుంది.

గంగాధరం గారు బాధపడ్డారు. "మెక్సికో ఆమె వాళ్ల అవ్వ గురించి రాస్తే తత్వమమ్మా. నువ్వు మీ నానీ గురించి రాస్తే ఊరి కబుర్లు. ఆమె మాట ఎవురన్నా ఇంగ్లీషులో ఉదహరించినారా?"

"ముందు మనం రాస్తే గదా సార్, వాళ్లు ఉదహరించేది?"

"అదంతా నాకు తెల్దు. పరీక్షకుడు దాని మీద ఒక్క ప్రశ్న అడిగితే ఉంచుదాం. లేదంటే తీసేయాల్సిందే."

ఆ ఒక్క ప్రశ్న కోసం సల్మా రాత్రింబవళ్లు చదివింది. పరీక్షకుల ఏర్పాట్లు విద్యార్థే చూడాలన్నది విభాగం సంప్రదాయం కనుక, గది, కారు, వారి పిల్లలకు పాలు కూడా చూసింది. పరీక్ష రోజు అలిపిరిలో ఎండలో నిలబడి వారి కోసం ఎదురుచూసింది. మత సామరస్యానికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుందని గంగాధరం గారు మురిసిపోయారు.

పరీక్షకులవారు సాయంత్రానికి గుండుతో, ప్రసన్నవదనంతో విచ్చేశారు. దొరల సంకెళ్లు తెంచుకోవలసిన ఆవశ్యకత గురించి గంగాధరం గారు అనర్గళంగా ఇంగ్లీషులో ప్రసంగించారు. పరీక్షకులవారు "దర్శనం దివ్యంగా జరిగింది" అని తీర్పు చెప్పి, పెన్ను తీశారు.

సల్మా లేచింది. "సార్, చివరి అధ్యాయం మీద ఏదన్నా ఒక ప్రశ్న అడగండి సార్."

ప్రశ్న కావాలని విద్యార్థి అడగడం మా చరిత్రలో లేదు. పరీక్షకులవారు జాలిపడి, కాసేపు ఆలోచించి అడిగారు. "ఢిల్లీ చేరేదాకా లడ్డూలు బూజు పట్టకుండా ఎలా కట్టుకోవాలమ్మా?"

ఆమె చెప్పింది. సభ చప్పట్లు కొట్టింది. డాక్టరేటు వచ్చింది, అధ్యాయం పోయింది. గ్రంథం ఇప్పుడు చేతికి తేలిగ్గా ఉందని లైబ్రరీవారు మెచ్చుకున్నారు.

బంగారుపాళ్యంలో నానీ ఆ గ్రంథం అట్టలు తడిమి, "నా మాట యాడుండాది బేటీ, సూపించు" అంది. సల్మా చూపించలేక ఏడ్చింది.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ పోయిన అధ్యాయంలో నానీ ఏమందని ఒక్కరూ అడగలేదు. గంగాధరం గారి ఫోన్ నంబరు మాత్రం అందరూ రాసుకున్నారు. మీరూ మొహమాటపడకండి, ఇస్తాను.