మందు వేయని గుంపు

మా విశ్వవిద్యాలయంలోని విద్యాశాఖ, నానోవైద్య శాఖ, మానవ ఆరోగ్య శాఖ ఇకమీదట వేర్వేరుగా ఆలోచించవని ప్రకటించడానికి సంతోషిస్తున్నాము. ఇంతకు ముందు మాత్రం ఆలోచించాయా అని అడిగే గిట్టనివాళ్ళు ప్రతిచోటా ఉంటారు. వాళ్ళకు జవాబు చెప్పడం నా ఉద్యోగ ధర్మాల్లో లేదు. నేను ఇక్కడ ప్రజాసంబంధాల అధికారిని. జరిగినదాన్ని జరగవలసిన విధంగా రాసి పత్రికలకు పంపడం నా పని.

విలీనానికి కారణం ఉన్నతమైనది. ర్యాంకులిచ్చే సంస్థవాళ్ళు ‘శాఖల మధ్య సహకారం’ అన్న గడిలో మాకు గుండుసున్నా చుట్టారు. ఉపకులపతిగారు ఆ మధ్యాహ్నమే మూడు శాఖల నడుమ ఉన్న గోడలు కొట్టించేశారు. గోడలతోపాటు నీళ్ళ గొట్టం కూడా పగిలింది. అప్పటినుంచి నానోవైద్యులు దుమ్ముకణం కూడా చొరబడకూడని తమ గదిలోకి తడి గోనెసంచుల మీదుగా నడిచి వెళుతున్నారు. ఆరోగ్య శాఖవారి నడక యంత్రం మీద విద్యాశాఖవారి జవాబు పత్రాలు ఆరుతున్నాయి. ఇంతకంటే గాఢమైన సహకారం మరెక్కడైనా ఉంటే చూపించండి.

కలిసిన తరువాత ఏదో ఒకటి కనిపెట్టాలి కదా. నానోవైద్య శాఖాధిపతి ముందుకొచ్చి, పిల్లల నాలుక మీద వేస్తే నేరుగా మెదడుకు చేరి చదువు మీద ధ్యాస నిలిపే చుక్కలమందు తయారు చేస్తానన్నారు. నానో అంటే వెంట్రుకను నిలువునా వేల పోగులుగా చీలిస్తే అందులో ఒక పోగంత. కంటికి కనపడనిదానికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు గనుక సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. మందుకు ‘మేధాబిందువు’ అని పేరు పెట్టాం. సీసా నమూనా గీయించాం, శిలాఫలకం చెక్కించాం, ఉపకులపతిగారు డ్రాపరు పట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న ఫొటో తీయించాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెనకటికి ఎవరో ఈసడించారట గానీ, పేరు ముందే ఉంటే కొడుక్కి ఎంత సౌకర్యమో వాళ్ళకేం తెలుసు.

మందు కూడా చివరకు తయారైంది. దాన్ని ముందుగా ఎలుకల మీద పరీక్షించే బాధ్యత ఒక పరిశోధక విద్యార్థినికి అప్పగించారు. ఆమెను ప్రాంగణమంతా ‘ఎలుకలమ్మాయి’ అంటుంది. అక్క ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఆ అక్క కూతురు మా విశ్వవిద్యాలయం నడిపే ఆదర్శ పాఠశాలలో మా అబ్బాయి తరగతే. పిల్లది పిన్ని వెంట ఎలుకల గదికి వచ్చి, కిటికీ దగ్గర బల్ల మీద ఎలుకల బొమ్మలు గీసుకుంటూ ఉండేది. గీత బాగుండేది. మీసాలు కూడా విడివిడిగా వేసేది.

పరీక్ష పద్ధతి మీకు తెలియనిది కాదు. సగం ఎలుకలకు మందు వేస్తారు. తక్కిన సగానికి ఉత్త నీళ్ళు పోస్తారు. రెండింటికీ తేడా ఏమైనా వస్తే అది మందు చేసిన పని అన్నమాట. ఎలుకలమ్మాయి అలాగే బోనులను రెండు వరుసలు చేసి, ఒకదాని మీద ‘మందు’ అని, రెండోదాని మీద ‘మందు లేదు’ అని అట్టముక్కలు కట్టింది. సహకారం నిమిత్తం అటుగా వచ్చిన విద్యాశాఖ అధ్యక్షురాలు ఆ రెండో అట్ట చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. సమాన అవకాశాల మీద ఆవిడ చదివిన పరిశోధనా పత్రాలు కింద పరిస్తే ప్రాంగణం చివరిదాకా వస్తాయి.

“ఈ ఎలుకలేం పాపం చేశాయి?” అన్నారు ఆవిడ. “వాటికి తెలివి అక్కర్లేదా? పుట్టిన బోనును బట్టి భవిష్యత్తును నిర్ణయించడానికి మనమెవరం?”

“మేడం, వాటికి వెయ్యకపోతేనే కదా తేడా తెలిసేది” అంది ఎలుకలమ్మాయి.

“తేడా తెలుసుకోవడం కాదమ్మా, తేడా లేకుండా చెయ్యడమే విద్య లక్ష్యం.”

ఈ వాక్యాన్ని నేను వెంటనే రాసుకున్నాను. ఇప్పుడు అది ముఖద్వారం మీద ఉంది. మూడు శాఖలూ సమావేశమై, రెండు వరుసల ఎలుకలకూ మందు వేయాలని తీర్మానించాయి. అట్టలు మాత్రం తీయలేదు. ‘మందు లేదు’ అన్న అట్ట కింద మందు వేసుకుంటూ ఎలుకలు సమానత్వంలోకి అడుగుపెట్టాయి.

కొన్నాళ్ళకు వాటి ముందు కాళ్ళు వణకడం మొదలైంది. పట్టుకున్న గింజ జారిపోయేది. మళ్ళీ పట్టుకునేవి, మళ్ళీ జారిపోయేది. చివరికి గింజ సంగతి వదిలేసి గోడకేసి చూస్తూ కూర్చునేవి. విద్యాశాఖ అధ్యక్షురాలు అది చూసి, తరగతి గదిలో ఇలాంటి ఏకాగ్రత కోసమే తాను జీవితమంతా ఎదురుచూశానన్నారు. వణుకు మాటేమిటని అడిగితే, ఆరోగ్య శాఖాధిపతి నాడి చూసే భంగిమలో ఒక ఎలుక తోక పట్టుకుని, అది ఉత్సాహమని తేల్చారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో పిల్లికి పీహెచ్‌డీ ఉన్నట్టు ఎక్కడా చెప్పలేదు గానీ, ఉండే ఉంటుంది.

నివేదిక తయారైంది. మందు వేసిన గుంపుకూ వేయని గుంపుకూ ఆరోగ్యంలో ఏ తేడా లేదు, కాబట్టి మందు పూర్తిగా సురక్షితం. ఇందులో అబద్ధమైన అక్షరం ఒక్కటి చూపించగలరా? కింద మూడు శాఖలవారూ, ఉపకులపతిగారూ, దగ్గరుండి గోడలు కొట్టించిన ఇంజినీరుగారూ రచయితలుగా సంతకాలు చేశారు. పదిమంది చేరితే పాము చావదంటారు. పత్రం మాత్రం బతుకుతుంది.

ఎలుకలమ్మాయి మాత్రం తన సిద్ధాంత గ్రంథంలో ‘అన్ని ఎలుకల ముందు కాళ్ళూ వణుకుతున్నాయి’ అని రాసింది. నానోవైద్య శాఖాధిపతి ఆమెను పిలిపించారు. ఫొటో తీయడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

“ఈ వాక్యం తీసేస్తే సంతకం పెడతాను. లేకపోతే ఇంకో గైడును వెతుక్కో” అన్నారాయన, తండ్రిలాంటి స్వరంతో.

“సార్, ఈ మందు ఆదర్శ పాఠశాల పిల్లలకి వేస్తామంటున్నారు. అక్కడ మా అక్క కూతురు చదువుతోంది సార్.”

“ఇంకేం మరి! ముందు వరసలో పేరు రాయించు. నేను చెప్పానని చెప్పు.”

ఆమె వాక్యం తీయలేదు. కాగితాలు తీసుకుని, తడి గోనెసంచుల మీదుగా బయటికి వెళ్ళిపోయింది. చదువుకున్నవాళ్ళలో ఇంత మొండితనం ఉండకూడదు.

పాఠశాల ఆవరణలో తల్లిదండ్రుల సభ జరిగింది. ఉపకులపతిగారు మైకు సరిచేసుకుని, “మీ పిల్లలు పిల్లలు కారు, రేపటి మెదళ్ళు” అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడారు. పిల్లల్లో సగం మందికి మందు, సగం మందికి నీళ్ళు అని ఆయన అంటుండగా, వెనక వరసలోంచి ఎలుకలమ్మాయి లేచింది. ఎలుకలకు ఏమైందో, రెండు గుంపులకూ మందు ఎలా వేశారో, తేడా ఎందుకు కనపడలేదో ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పింది.

ఉపకులపతిగారు నీళ్ళు తాగారు. నిజం చెప్పొద్దూ, నా పని అయిపోయిందనుకున్నాను. రేపటి పత్రికల్లో ఏం రాయాలో తోచలేదు. మా ఆవిడ నావైపు చూసింది, నేను పైన ఫ్యానువైపు చూశాను.

అప్పుడు ఒక తండ్రి లేచాడు. మనిషి బ్యాంకు ఉద్యోగి. “అదంతా సరేనమ్మా. అంతకీ మార్కులు పెరుగుతాయా, పెరగవా?” అన్నాడు.

ఇంకొకావిడ లేచింది. “సగం మందికే ఏంటండీ? మా వాడికి నీళ్ళు పోసి పక్కింటివాడికి మందేస్తారా? మేమేం ఫీజు కట్టడం లేదా?”

ఇక సభను పట్టడం ఎవరి వల్లా కాలేదు. కుర్చీలు పడ్డాయి. మందు వేయని గుంపులో తమ బిడ్డ ఉండటానికి ఒక్క తల్లీ ఒప్పుకోలేదు, ఒక్క తండ్రీ ఒప్పుకోలేదు. “ఏ గుంపులోనూ పెట్టకండి, పిల్లల్ని ఇంటికి తీసుకుపోండి” అని ఎలుకలమ్మాయి అరుస్తూనే ఉంది. విద్యాశాఖ అధ్యక్షురాలు కళ్ళు తుడుచుకున్నారు. ఎలుకలకు తాను నేర్పిన సమానత్వాన్ని మనుషులు తమంతట తామే కోరుకుంటున్నారు మరి.

వరండాలో అక్క చెల్లెల్ని చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“అంతమందిలో నా పరువు తీస్తావా? నీ పేపర్లు పాసవ్వకపోతే నా పిల్ల చదువు మీద పడతావేంటే?”

“అక్కా, దాని చేతులు చూడు. ఎంత బాగా బొమ్మలేస్తుందో చూడు. వద్దే, నా మాట విను.”

“బొమ్మలు కూడు పెడతాయా? అందరి పిల్లలూ మందేసుకుని ముందుకెళ్తుంటే నాది ఒక్కతే వెనకబడాలా? రేపు అది నన్నడిగితే నువ్వొచ్చి చెప్తావా?”

పిల్లది ఇద్దరి మధ్యా నిలబడి చూస్తోంది. పిన్ని వంగి దాని చెవిలో ఏదో చెప్పింది.

అందరికీ మందు మొదలైంది. రోజూ ప్రార్థన అవగానే పిల్లలు వరుసగా వచ్చి నోరు తెరిచేవారు. కొన్నాళ్ళకు పెన్సిళ్ళు జారడం మొదలైంది. పాఠశాల తక్షణమే స్పందించి, దస్తూరీ మార్కులు ఎత్తేసింది, వెడల్పు గీతల నోటుపుస్తకాలు తెప్పించింది. పిల్లలు అల్లరి మానేసి నల్లబల్లకేసి చూస్తూ కూర్చుంటున్నారని తల్లులు మురిసిపోయారు. ఏకాగ్రత మీద నేను రాసిన వ్యాసం మూడు శాఖల గోడలకూ అతికించారు, అంటే మిగిలిన గోడలకు.

తరువాత ఆరోగ్య శాఖవారు ప్రమాణాలు నిర్ణయించడానికి వచ్చారు. ప్రతి పిల్లవాడికీ ఒక కాగితమిచ్చి, స్కేలు లేకుండా ఒక గీత గీయమన్నారు. అన్ని గీతలూ అలలు అలలుగా వచ్చాయి. వాటి సగటు తీసి, ఈ వయసు పిల్లల గీత ఇలాగే ఉండాలని నిర్ధారించారు. ఒక్క కాగితం మీద మాత్రం దారం లాగి పెట్టినట్టు తిన్నని గీత ఉంది. పక్కన ఖాళీ ఉందని కాబోలు, మీసాలతో సహా ఒక ఎలుక కూడా ఉంది.

పిల్లను, తల్లిని, పిన్నిని పిలిపించారు.

“అసాధారణం” అన్నారు ఆరోగ్య శాఖాధిపతి, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ. “ఈ పిల్లలో ఏదో లోపముంది.”

“నేను రోజూ ఉమ్మేశాను” అంది పిల్లది, నిజాయితీగా. “పిన్ని ఉమ్మెయ్యమంది.”

“చూశారా సార్!” అంది ఎలుకలమ్మాయి. “మందు వెయ్యని గుంపంటే ఇదే. ఇది ఒక్కతే మిగిలింది. ఇప్పుడైనా తేడా కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది” అన్నారు విద్యాశాఖ అధ్యక్షురాలు, ఎంతో బాధగా. “అందుకే కదమ్మా, ఈ తేడాని మనం సహించకూడదు.”

తల్లి కూతురి గీత వైపు చూసింది, తక్కిన పిల్లల గీతల వైపు చూసింది. “ఇన్నాళ్ళూ అందరికంటే వెనకబడిపోయిందా సార్? డోసు పెంచి వేస్తే అందుకుంటుందా?” అని అడిగింది. ఆ తరువాత తనే కూతురి గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. పిన్ని ముందుకు రాబోతే, ఇంజినీరుగారు అడ్డం నిలబడ్డారు. ఆయన కూడా రచయితే కదా. మింగేదాకా ఎవరూ కదలలేదు.

ఇప్పుడు ఆ తరగతిలో అందరి గీతలూ ఒకటే. ఎలుకలమ్మాయి ఊరు విడిచి వెళ్ళిపోయిందంటారు. వెళ్ళేముందు ఆ ఎలుక బొమ్మ కాగితం అడిగి తీసుకుందట. సహకారం గడిలో ఈ ఏడాది మాకు పూర్తి మార్కులు వచ్చాయి.

మా అబ్బాయికి చొక్కా బొత్తాలు వాళ్ళమ్మే పెడుతోంది. అన్నం కూడా తనే కలిపి నోట్లో పెడుతోంది. నాకు ఏ దిగులూ లేదు. వీధిలో ప్రతి ఇంట్లోనూ వాళ్ళమ్మలే పెడుతున్నారు. నలుగురితో నారాయణా.

మీ ఇంట్లో పిల్లలు ఉంటే ఒక కాగితం ఇచ్చి గీత గీయించండి. తిన్నగా వస్తే ఆలస్యం చేయకుండా మా దగ్గరకు తీసుకురండి.