తటస్థ శాలువా దిగ్విజయము

ఆలకింపుడు అయ్యలారా, అమ్మలారా! కోవిల్‌పట్టికి ఉత్తరమున, విరుదునగరమునకు దక్షిణమున, అగ్గిపెట్టెల గంధకధూమ సుగంధిలమైన సాత్తూరు రహదారి చెంత, ఎన్నికల ప్రచార భేరీభాంకారములకు దిక్కులు చెవులు మూసుకొన్న మండువేసవిని, అరుప్పుకోట్టై మగ్గాల వీధిలో ఒక మహావీరుడు తల పట్టుకొని కూర్చుండెను. అతడే తంతువాయ కులావతంసుడు, ముప్పదేండ్లుగా ఆ రహదారి చర్చికి పీఠవస్త్రములు నేసి యిచ్చుచున్న తిరుపతిసామి.

పాపము, కారణము లేకపోలేదు. రాబోవు ఆదివారము పూజ ముగియగనే ఇద్దరు అభ్యర్థులు ఒకేసారి ఆశీర్వాదమునకు రానున్నారు. వచ్చినవారికి శాలువా కప్పుట ఆ నేల మర్యాద. అయితే చర్చి ఎవరి పక్షమూ కాదు గనుక శాలువాలో ఏ పార్టీ రంగూ తొంగిచూడరాదనియు, ఒకరి మొగము వెలిగి రెండవవారిది మాడినచో ఇక తిరుపతిసామి ఆ చర్చికి పోగైనను నేయనక్కరలేదనియు ఫాదరు తేల్చి చెప్పెను.

అంతట ఆ ధీరుడు నూలుచిలపల పద్మవ్యూహము జొచ్చెను. ఎరుపుపై చేయి వేసెనా, అది ఒక పార్టీది. పచ్చన ఇంకొకరిది. నలుపు, నీలము, పసుపు, కాషాయము ఒక్కొక్కటే జెండాయై ఎదురు నిలిచెను. ఊదారంగును సయితము మొన్న పుట్టిన పార్టీ ఎత్తుకుపోయినదట! వీరుడు బాహువులెత్తి, "ఓ రంగులారా, మీలో ఓటు లేనిది ఒకటైనా లేదా?" అని గర్జించెను.

రంగే వద్దని కోరా నూలు మగ్గమున కెక్కించబోగా, కండెలు చుట్టుచున్న ఇల్లాలు సుబ్బమ్మాళ్ తలెత్తి చూచెను.

"ఏమయ్యా, ఓటుకొచ్చేవాండ్లకి ఈ తెల్ల కోడిబట్ట కప్పేదా? అది పీనుగకి కప్పేది గదా."

వీరుని చేతి నుండి పోగు తోయు నాడె జారి కాలిపై పడెను. ఆమె తాపీగా, అన్ని రంగులూ నిలువునా అడ్డంగా కలిపి వేస్తే ఎవడు ముందో ఎవడు వెనకో ఏ కట్చివాడూ, అనగా ఏ పార్టీవాడూ, చెప్పలేడని ఉపాయము చెప్పెను. మూడు దినములు మగ్గము ఘోషించెను, జంట శాలువాలు పుట్టెను.

ఆదివారము వచ్చెను. ఫాదరు రెండు చేతులతో ఇద్దరికీ ఒకే క్షణమున కప్పెను. నూరు ఫోన్లు పైకి లేచెను. మొదటి అభ్యర్థి తన భుజము చూచుకొనెను, రెండవవాడు మొదటివాని భుజము చూచెను. ఆ చుట్టుపక్కల ప్రతి మగవాడూ ఇంట నడుమునకు చుట్టుకొనునది సరిగ్గా అట్టి గళ్ళ గుడ్డయే యని, అయ్యో, మన వీరునకు అప్పుడు గాని తట్టలేదు.

"ఇది కైలి గదా" అనెను ఒకడు.

"కైలే" అనెను రెండవవాడు. ప్రచారము మొదలైన నాటినుండి వారిద్దరూ ఏకీభవించిన మాట అదొక్కటే.

ఇద్దరును విసవిస కార్లెక్కి పోయిరి. తిరుపతిసామి ముప్పదేండ్ల నేత మట్టికొట్టుకుపోయెనని కన్నీరు పెట్టెను. ఫాదరు మాత్రము దుమ్ము అణగువరకు దారి చూచి, మెల్లగా అతని భుజముపై చేయి వేసెను.

"ఇద్దరికీ సమానంగా కోపం వచ్చిందప్పా. క్రిస్మస్‌కి పీఠం గుడ్డ నువ్వే నెయ్యి."

జయము, జయము! ఆ ఎన్నికలలో ఎవరు గెలిచిరో నన్నడుగకుడు. రెండు మొగములను వెంట్రుకవాసి తేడా లేకుండ మాడ్చిన ఘనుడు తిరుపతిసామి గెలిచెను.