చలన సభ్యురాలు

ఆ పంటకు పట్టుపురుగులు తాము గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికలు ఎక్కడం మానేసి, ఇంట్లో కదలకుండా కూర్చున్న మనుషుల మీద గూళ్లు అల్లడం మొదలుపెట్టాయి. ఊళ్లో మొట్టమొదటి గూడు గంగరత్న మామగారు హనుమంతరాయప్పకు దక్కింది.

ఇందులో పురుగుల తప్పేమీ లేదు. పండిన పురుగు ఆకు మానేస్తుంది. ఒళ్లు గాజులా తేటపడుతుంది. తలెత్తి గాలిలో అటూ ఇటూ వెతుకుతుంది. దానికి కావలసిందల్లా కదలని ఆధారం. వెదురు చంద్రిక గోడకు ఎంత ఆనించి పెట్టినా గాలికి కాస్త ఊగుతుంది. హనుమంతరాయప్ప ఊగడు. భోజనమయ్యాక వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడంటే, ఆయన మీద వాలిన ఈగ తనంతట తాను లేచిపోవలసిందే తప్ప ఆయన లేపడు. ఆ రోజు గంగరత్న మల్బరీ ఆకు కోసుకుని వచ్చేసరికి మోకాళ్ల దాకా తెల్లబడి ఉన్నాడు.

"మామా, పురుగులు మింద పడినాయి. లెయ్ పైకి," అంది.

"ఇప్పుడే కదమ్మే కూర్చునింది," అన్నాడాయన.

సాయంత్రానికి గూడు మూసుకుంది.

గూళ్ల శాఖ ఇన్‌స్పెక్టరు మహబూబ్ బాషా మోటారు సైకిలు మీద వచ్చి చూశాడు. మంచి గూడో కాదో తేల్చడానికి చెవి దగ్గర పెట్టుకుని ఊపడం శాఖ పద్ధతి. ఇక్కడ అది కుదరలేదు కాబట్టి వేళ్లతో తట్టాడు. లోపల్నుంచి "ఎవురది?" అని వినిపించింది.

"గట్టి గూడు. ప్రాణం ఉండాది. ఏ గ్రేడు," అని రాసుకున్నాడు.

"ఇప్పుడు దీన్ని ఏం చేయల్ల సార్?" అంది గంగరత్న.

"మామూలు గూడైతే లోపలి పురుగు రెక్కలొచ్చి కొరుక్కుని బయటికి రాకముందే మరిగే నీళ్లలో వేస్తామమ్మా. మనిషి పట్టేంత గంగాళం శాఖలో లేదు. టెండరు పిలిచినారు. వచ్చేదాకా మీరే చూసుకోవల్ల."

చూసుకోవడం అంటే పెద్ద పనేం కాదని శాఖ కరపత్రం చెప్పింది. చీమలు పట్టకుండా చూడాలి, తడి తగలనివ్వకూడదు, రోజూ పొడిగుడ్డతో తుడవాలి. గూటిలో ఉన్న జీవి ఏమీ తినదని కూడా ఆ కరపత్రంలో ఉంది. హనుమంతరాయప్ప కరపత్రం చదవలేదు. మూడో పూటే కాఫీ అడిగాడు. గంగరత్న నోటి దగ్గర వేలు పట్టేంత రంధ్రం చేసి, గరాటు పెట్టి పోసింది. ముద్ద గరాటులో దిగదు కాబట్టి ఆయనకు విడిగా అంబలి కాచడం మొదలైంది. పురుగులున్న ఇంట్లో ఘాటు వాసన పనికిరాదని తాలింపు మానేసి చాలా కాలమైంది. తాలింపు లేదని ఆయన గూట్లోంచి కూడా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

మరుసటి పంటకు ఆమె భర్త నాగభూషణ వంతు వచ్చింది. టీవీ ముందు కూర్చుని ఉండగా అల్లాయి. రిమోటు చేతిలోనే ఉండిపోవడం వల్ల ఆ ఇంట్లో అప్పటి నుంచి ఒకే ఛానెల్. జేబులో ఫోను కూడా లోపలే ఉంది. మోగినప్పుడల్లా గూడు సన్నగా అదిరేది. "మే, ఎవురో ఫోను చేస్తాండారు చూడు," అనేవాడు లోపల్నుంచి. గంగరత్న ఎటు నుంచి చూడాలో తెలియక ఊరుకునేది.

మూడో పంటకల్లా ఊరంతా ఇదే వరస. పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నవాళ్లను అరుగుతో కలిపి అల్లేశాయి. పంచాయతీ ఆఫీసులో ఒక గుమాస్తాను కుర్చీతో సహా అల్లితే, ఆయన సెలవులో లేడు, పనిలోనూ లేడు కాబట్టి జీతం యథావిధిగా ఇవ్వవచ్చని తేల్చారు. గూళ్లలోకి వెళ్లిన వారివల్ల ఆగిపోయిన పనులేమిటో తెలుసుకోవడానికి శాఖవాళ్లు ఇంటింటికీ తిరిగారు. పేకాట ఆగింది. ఇంకేదీ తేలలేదు.

సర్వే ఫలితంగా ఒక ఉత్తర్వు వచ్చింది. పురుగులు పెంచే ప్రతి ఇంట్లోనూ కనీసం ఒకరు కదులుతూ ఉండాలి. ఆ ఒకరిని చలన సభ్యురాలు అంటారు. పురుషులకు వర్తించే పదం కూడా ఉత్తర్వులో ఉండాల్సిందే కానీ, అవసరం పడినప్పుడు చేరుస్తామన్నారు. మహబూబ్ బాషా గంగరత్న పేరు రాసిన కాగితం తలుపుకు అంటించి వెళ్లాడు.

గంగరత్నకు కావలసింది వేరు. ఆమెకు కూర్చోవాలని ఉంది.

ఇది ఇప్పుడు పుట్టిన కోరిక కాదు. పురుగుల గదిలోకి వెళ్లే ప్రతిసారీ బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి ముంచి మడమలు బీటలు వారాయి. మోకాళ్లు చూసిన డాక్టరు మాత్రలేమీ రాయకుండా "కాసేపు కూర్చోమ్మా" అన్నాడు. ఆ కాసేపు ఎక్కడుందో ఆయన చెప్పలేదు. ఇప్పుడు మామగారి గూటిని తుడుస్తుంటే ఆమె చెయ్యి కాస్త నెమ్మదించేది. తెల్లగా, నున్నగా, కోడిగుడ్డులా ముడుచుకుని ఎంత బాగుందో. లోపల ఉన్న మనిషిని ఎవరూ లేపరు. లేపకూడదని రూలు.

మల్బరీ గట్టు మీద పక్కింటి పుట్టమ్మతో ఆ మాటే అంది.

"నీకేమక్కా, రెండే గూళ్లు," అంది పుట్టమ్మ ఆకు దూస్తూ. "నా ఇంట్లో అయిదుండాయి. మా చిన్నాయన పేకాటకని వచ్చి మా ఇంట్లోనే గూడైపాయ. వాళ్లింటికి తీసకపోండి అంటే, కదిలిస్తే దారం తెగుతాదంట."

"నేను కూర్చుంటా పుట్టమ్మా."

"నువ్వా?" పుట్టమ్మ నవ్వింది. "నీ పెండ్లిలో తలంబ్రాలప్పుడు గూడా రెండు సార్లు లేచి పోయినావంట, పాలు పొంగుతాండాయని. మీ అత్త బతికుండంగ చెప్తాండె."

గంగరత్న ఇన్‌స్పెక్టరును కూడా అడిగింది. చలన సభ్యురాలు గూడు కట్టించుకోకూడదని ఎక్కడా లేదన్నాడు ఆయన. "కాకపోతే ఆకు ఎవురు వేస్తారమ్మా?" అన్నాడు.

ఆమె ఆ ప్రశ్నను చాలా రోజులు మనసులో తిప్పింది. జవాబు పురుగుల దగ్గరే దొరికింది. పండిన పురుగు ఆకు తినదు. అంటే పండినది మొదలు కొత్త పిల్ల పురుగులు వచ్చేదాకా ఆ ఇంట్లో ఆకు వేసే మనిషి అక్కర్లేదు. రెండు గూళ్లలోనూ కాఫీ పోయడానికి పుట్టమ్మను ఒప్పించింది. బదులుగా గూట్లోకి వెళ్లే ముందు వాళ్లింటి అయిదు గూళ్లూ తుడిచి ఇచ్చింది.

పురుగులు పండిన మధ్యాహ్నం గంగరత్న తల దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. గది మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. కూర్చోగానే ఏదో మరిచిపోయినట్టు అనిపించింది. లేవకుండా బిగబట్టుకుంది.

"మే, యాడుండావు?" అన్నాడు నాగభూషణ హాల్లోంచి.

ఆమె పలకలేదు. మొదటి పురుగు పాదం దగ్గర తలెత్తి వెతికింది. రెండోది చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కింది. మెడ దగ్గర మొదటి పోగు తగిలినప్పుడు ఆమెకు చల్లగా, హాయిగా అనిపించింది. పెళ్లయ్యాక మొదటిసారి పగటి పూట కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి చుట్టూ పాల రంగు వెలుతురు. కళ్ల ముందు పట్టు, పెదాల మీద పట్టు, నడుముకు మెత్తటి బిగువు. దక్కింది అనుకుంది. ఇంకాసేపు పడుకుందామనుకుని ఒళ్లు వదులు చేసింది. అప్పుడు అర్థమైంది, తాను పడుకుని లేదు. కూర్చుని కూడా లేదు. పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కుడిచెయ్యి పాలు కలుపుతోంది.

మహబూబ్ బాషా వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. ఆమె కూడా తిరుగుతూ ఉండటం వల్ల తనిఖీకి మామూలు కంటే ఎక్కువ సేపు పట్టింది.

"ఒంట్లో కదలని చోట అల్లినాయి, కదిలే చోట వదిలేసినాయి," అన్నాడు పుట్టమ్మతో. "చేతులూ కాళ్లూ నిద్రలో గూడా ఆగినట్టు లేవు."

"మొఖం గూడా మూసేసినాయి కద సార్. నోరు?"

"నోరు కదిలింటే వదిలేసుండేవమ్మా."

లోపలున్న గంగరత్నకు చెప్పాలని ఉంది, తాను మొత్తం మనిషికి గూడు అడిగానని. అంతలో పిల్ల పురుగుల బండి వచ్చి వాకిట్లో హారన్ కొట్టింది. ఆమె పాదాలు బ్లీచింగ్ నీళ్ల తొట్టి వైపు నడిచాయి. కళ్లు కనబడకపోయినా ఎక్కడా తగలలేదు, గడప దగ్గర కూడా. ఆ ఇంట్లో ఆమెకు చూపుతో పనిపడింది ఎన్నడూ లేదు.

"దూరం నుంచి చూస్తే పెండ్లికి పోతాండట్ల ఉండావక్కా," అంది పుట్టమ్మ, వేలితో పట్టును రాస్తూ. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఇంటికి వెళ్లి తనకూ ఒక పీట ఉందేమో చూసుకోవాలనుకుంది.

శాఖకు ఇది పనికొచ్చే గూడు. స్థలం పట్టదు, కాపలా అక్కర్లేదు, తనను తానే తుడుచుకుంటుంది. ఇకమీదట చలన సభ్యురాళ్లందరికీ ఇదే పద్ధతి సిఫారసు చేయాలని మహబూబ్ బాషా నివేదికలో రాశాడు. గూట్లో ఉన్నవారి పట్టికలో గంగరత్న పేరు చేర్చాడు, విశ్రాంతి మంజూరైనట్టు రాశాడు. కదులుతున్నవారి పట్టికలోంచి తీసెయ్యలేదు. దేనికదే సరిగ్గా ఉంది.

"అభ్యంతరముంటే నోటితో చెప్పల్ల. రూలట్ల ఉండాది," అంటూ కాగితం ముందుకు జరిపాడు. హాల్లోంచి నాగభూషణ, "ఆయమ్మకేం ఉంటాది సార్, రాసుకోండి," అన్నాడు.

గంగరత్న నోరు పట్టు లోపల ఉంది. చెయ్యి బయటే ఉంది కాబట్టి సంతకం ఆమే పెట్టింది.