ఎర్రోడి పైవరుస పళ్లు

వెంకట్రాములు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ తాగాలి, కోడెల నోళ్లు తెరిచి రెండు ఫొటోలు తీయించాలి, వాటిని పోటీల కమిటీకి పంపాలి, ఆ తర్వాత వేరుశనగకు నీళ్లు కట్టడానికి పోవాలి. ఇందులో చాయ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

గద్వాల వైపు గట్టు అనే ఊరి దగ్గరి పల్లె అది. పక్క ఊరి జాతరలో బండలాగుడు పోటీలు పెడుతున్నారు. వెంకట్రాములు జతలో ఒకటి తెల్లోడు, ఇంకొకటి ఎర్రోడు. రెండింటికీ కింద ముందువైపు రెండేసి పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు వచ్చాయి. కాబట్టి పెద్ద పళ్లను బట్టి వయసు లెక్కగట్టే ఈ పోటీల్లో రెండు పళ్ల విభాగంలో దిగవచ్చు. ఎర్రోడికి పక్క పాలపన్ను అప్పుడే కదులుతోంది. ఈ జాతర దాటితే ముదురు ఎద్దుల సరసన నిలబడి ఓడిపోవడమే. ఇంట్లో వాళ్లు తిన్నా తినకపోయినా కోడెలకు ఉలవలు తప్పకుండా పెట్టి పెంచిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

కిందటేడు ఎవరో నాలుగు పళ్ల ఎద్దులను రెండు పళ్లవని చెప్పి దింపితే కొట్లాట అయింది. అందుకే ఈసారి మధ్యాహ్నంలోగా పళ్ల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టాలన్నారు. కమిటీ అధ్యక్షుడు కురుమూర్తికి ఎరువుల దుకాణం ఉంది, నిబంధనలంటే మహా ప్రీతి. కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ మీద ఆ సంగతి రాసి ఉండాలని సర్కారు చెప్పిందనీ, తమ పోటీలకూ అదే వర్తిస్తుందనీ, ఆ ముద్ర తీసేసిన వాళ్లను జాతరలోకి రానివ్వమనీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. కురుమూర్తి మెసేజ్‌ను చివరిదాకా విన్నవాడు ఆ గ్రూపులో ఇంతవరకు లేడు.

తెల్లోడు బుద్ధిగా నోరు తెరిచాడు. ఎర్రోడు తెరవలేదు. వెంకట్రాములు దవడలు పట్టుకుని వేలాడుతుంటే, గద్వాలలో డిగ్రీ చదివే కూతురు నవనీత ఫోన్ పట్టుకుని చుట్టూ తిరిగింది. చివరికి ఒక్క ఫొటో దొరికింది కానీ అందులో నాలుక తప్ప అంతా మసక.

"నాయినా, ఫోన్‌ల సాఫ్ చేసే బటన్ ఉంది. ఒత్తనా?"

"ఒత్తు బిడ్డా. పండ్లు మంచిగ కనవడాలె."

ఒత్తింది. మసక పోయింది, నాలుక పోయింది, ఎర్రోడి నోరు ధగధగలాడింది. కింద రెండు పెద్ద పళ్లు ఉన్నాయా లేవా అని మాత్రమే వెంకట్రాములు చూశాడు. ఉన్నాయి. ఫొటో మూలన 'కృత్రిమ మేధతో తయారైన చిత్రం' అని ఫోన్ తనంతట తానే రాసిన ముక్కను తండ్రీ కూతుళ్లలో ఎవరూ చూడలేదు.

కురుమూర్తి చూశాడు. చూడటం ఆయనకు ఇష్టమైన పని.

"వెంకట్రాములూ, కంప్యూటర్ ఎద్దుకు బండ కట్టుడు మాతోని కాదు. అసలుదాన్ని చూపియ్యి," అని గ్రూపులోనే పెట్టాడు.

దాన్ని జనం తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. వెంకట్రాములు కోడెలను అమ్ముకున్నాడనీ, పరువు కోసం బొమ్మలు పంపుతున్నాడనీ అనుకున్నారు. గోపాల్‌పేట నుంచి బావమరిది ఫోన్ చేసి, ఇంత కష్టం వస్తే తనకు ఒక్కమాట చెప్పకూడదా అని నిష్ఠూరమాడాడు. కోడెలు నా ఎదురుగానే గడ్డి నములుతున్నాయని వెంకట్రాములు చెబితే, బాధలో మనిషి అలాగే మాట్లాడతాడని ఓదార్చాడు.

మళ్లీ ఫొటో తీద్దామంటే ఎర్రోడు మనిషి చెయ్యి కనబడగానే తల తిప్పేస్తున్నాడు. అప్పుడు వచ్చాడు నరేందర్, పోటీలో ఈ జతను తోలవలసిన కుర్రవాడు. సలహా ఇవ్వడంలో అతనికి ఎప్పుడూ ఆలస్యం లేదు.

"మామా, లొల్లంత ఆ మూలకున్న ముక్కతోనే. దాన్ని కోసేస్తే అయిపాయె."

నవనీత వద్దంటూనే ఉంది. నరేందర్ కోసేసి పంపాడు.

ముక్క ఉన్నంతసేపు అందరూ ముక్కనే చూశారు. అది పోగానే పళ్లు చూశారు. పశువుకు పైదవడ ముందుభాగంలో పళ్లు ఉండవు, గట్టి చిగురు ఉంటుంది. ఎద్దును మేపిన ప్రతివాడికీ తెలిసిన ఈ సంగతి ఫోన్‌కు తెలియదు. అది ఎర్రోడికి పైన కూడా తెల్లటి వరుస ఒకటి తీర్చి, పెళ్లిఫొటోలో పెళ్లికొడుకులా నిలబెట్టింది.

ఇక ఫోన్లు ఆగలేదు. ఖిల్లా ఘణపూర్ నుంచి ఒకాయన ఆ జాతి దూడ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఇంకొకాయన అది ఇంటికి అరిష్టమన్నాడు. ఊరి ఆడవాళ్లు కొందరు పసుపు కుంకుమలతో కొట్టం ముందు నిలబడ్డారు. పైపళ్లు ఉన్న ఎద్దు కరిస్తే తన గతేమిటని నరేందర్ పగ్గం ముట్టనన్నాడు. ముక్క కోసింది తానేనన్న సంగతి అతనికి అప్పటికే గుర్తు లేదు.

మధ్యాహ్నం కాకముందే ప్రచారపు ఆటోలో కురుమూర్తి స్వయంగా దిగాడు. ఆటో వెనక పెద్ద ఫ్లెక్సీ, పైన మైకు. నెరిసిన తలతో, ముందుకొచ్చిన బొజ్జతో ఆయన చొక్కా చేతులు మడిచి ఎర్రోడి దగ్గరికి వెళ్లాడు. పొద్దుటినుంచి విసిగిపోయిన ఎర్రోడు ఇక చేసేది లేక నోరు తెరిచాడు. పైన చిగురే. కింద పెద్ద పళ్లు రెండే.

"రెండు పండ్లే. బరాబర్ ఉంది," అన్నాడు కురుమూర్తి.

వెంకట్రాములుకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

"గాని తమ్మీ, ముక్క కోసినవ్. అట్ల చేస్తే ఎంట్రీ లేదని నేను ముందుగాల్నే చెప్పిన. నా చేతుల ఏం లేదు."

వెంకట్రాములు ఎర్రోడి మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. తప్పు తనదేనని నవనీత ఏడ్చింది. నరేందర్ గడ్డివాము వెనక్కి వెళ్లి ఏదో వెతుక్కుంటున్నాడు.

వెంకట్రాములు భార్య జములమ్మ వచ్చినవాళ్లకు మంచినీళ్లు తెచ్చింది. ఉలవల విషయంలో కోడెలతో ఆమెకు పాత తగాదా ఉంది కానీ, మొగుడి ముఖం చూసి మనసు చివుక్కుమంది. చెంబు కురుమూర్తికి అందిస్తూ ఆటో వెనక్కి చూసింది. చాలాసేపు చూసింది.

"అన్నా, గా ఫ్లెక్సీల ఎద్దులు ఎవరివి?"

"ఎవరివీ కావమ్మా. గద్వాలల కంప్యూటర్ మీద చేయించినం."

"మరి వాటికి పైపండ్లున్నయి గద. ముక్క ఏడుంది?"

జనమంతా ఒక్కసారి ఆటో వైపు తిరిగారు. ఫ్లెక్సీ మీద రెండు తెల్లటి ఎద్దులు బండను లాగుతూ, పైవరుసా కిందివరుసా చూపించి హాయిగా నవ్వుతున్నాయి. మూలల్లో వెతికినా ముద్ర లేదు. వారం నుంచి ఆ ఆటో ఊరూరా తిరుగుతోంది, ఎద్దుల వాళ్లంతా దాన్ని చూశారు. మైకు చప్పుడులో ఎవరికీ పళ్లు కనబడలేదు.

కురుమూర్తి నీళ్లు తాగాడు. మళ్లీ కొంచెం తాగాడు. తన నిబంధన ప్రకారం జాతరలోకి రాకూడని మొదటివాడు తానేనని ఆయనకు అర్థమైంది. చెంబు తిరిగిచ్చి ముఖం తుడుచుకుని, తప్పు ఇద్దరిదీ కాబట్టి ఇద్దరికీ మాఫీ అన్నాడు. తన వేళ్లతోనే ఎర్రోడి పెదవి ఎత్తి పట్టి, నవనీత చేత అసలు ఫొటో తీయించి, ఎంట్రీ అయిందని గ్రూపులో రెండే రెండు మాటల వాయిస్ మెసేజ్ పెట్టాడు. దాన్ని అందరూ చివరిదాకా విన్నారు.

వెంకట్రాములు అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. గుండెల మీది బండ దిగిపోయి నవ్వొచ్చింది, నవ్వుతూనే జములమ్మ చేతిలోని చెంబు అందుకున్నాడు. జములమ్మ ఎవరూ అడగకుండానే ఎర్రోడి ముందు దోసెడు ఉలవలు పోసింది. నరేందర్ గడ్డివాము వెనక నుంచి వచ్చి, తాను మొదటినుంచీ ఇదే చెబుతున్నానన్నాడు.

ఇక ఫ్లెక్సీకి ముద్ర వేయాలి. దేవుడు, దాతలు, ఎద్దులు పోగా ఖాళీ జాగా ఒక్కచోటే మిగిలింది. నల్లటి జుట్టుతో, సన్నటి నడుముతో చేతులు జోడించిన కురుమూర్తి నిలువెత్తు ఫొటో కింద. నవనీత 'కంప్యూటర్ తయారుచేసిన చిత్రం' అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అక్కడే అతికించింది. జాతర అయ్యేదాకా ఆటో అలాగే ఊరూరా తిరిగింది, ఎవరూ అదేమిటని అడగలేదు.