పువా తలుపుకు అంటించని కాగితం

ఆ రోజుకు సల్బియా టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ప్రణాళిక శాఖ అధికారులు వ్యానులో వస్తారు. వాళ్లను కువాలా సెరాయ్ పాత బజారు వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాలి. ఆగిన ప్రతి గుమ్మం దగ్గరా ఏదో ఒకటి తినిపించాలి, తింటూ ఉండగా ఆ గుమ్మం చరిత్ర చెప్పాలి. రోడ్డు వెడల్పు కోసం వీధిని కూలగొట్టాలా, వదిలేయాలా అన్నది ఆ రోజే తేల్చుకుని వెళతామని వాళ్లు వారం ముందే టీచరుకు చెప్పారు. వీధివాళ్లకు మాత్రం అధికారులు వస్తున్నారని తప్ప ఆమె ఇంకేం చెప్పలేదు. కడుపు నిండినవాడు గునపం పట్టుకోడని టీచర్ ధైర్యం.

సల్బియా మలయ్ మనిషి, దూరాన ఉన్న కెలంతాన్ రాష్ట్రం ఆమెది. ఇక్కడి బడికి చరిత్ర టీచరుగా వచ్చి నాలుగేళ్లయింది. వచ్చిన మొదటి వారంలోనే పువా అంకుల్ కాఫీ కొట్లో బొగ్గుల మీద కాల్చిన రొట్టె, దాని మీద కొబ్బరిపాల జామ్ తిని, ఇక జన్మలో బదిలీ అడగకూడదని తీర్మానించుకుంది. ఒకప్పుడు తగరం గనుల సైరన్‌తో ఈ ఊరు లేచేది. గనులు మూతపడ్డాయి, సైరన్ పోయింది. పువా మాత్రం అదే వేళకు కొట్టు ముందు చెక్కపలకలు ఒక్కొక్కటీ తీసి దబదబా గోడకు ఆనిస్తాడు. ఇప్పుడు ఊరు ఆ చప్పుడుకే లేస్తుంది.

ఎక్కడెక్కడ ఆగాలో అధికారుల ముందు తడుముకోకూడదని, ముందురోజు రాత్రి, కొట్లు కట్టేసి అంతా లోపలికి వెళ్లాక, టీచర్ ఒక్కో తలుపు పక్కన చదరపు కాగితం ముక్క అంటించుకుంటూ వెళ్లింది. స్టేషనరీ కొట్లో చీనావాళ్ల కొత్త సంవత్సరానికి తెచ్చి మిగిలిన ఎర్ర కాగితమే దొరికింది. లియూ ఆంటీ మూలికల కొట్టు, మొయిదీన్ భాయ్ రొట్టెల హోటలు, నూడుల్స్ కొట్టు, అన్నిటికీ అంటించింది. ఇంకా గుమ్మంలోనే ఉన్న పువా అంకుల్ ఒక్కడే చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన ధ్యాసంతా తలుపు మీదే, ఆ చీకట్లో కాగితం రంగు మీద కాదు.

"మా తాత చేయించిన తలుపు ఇది. మొన్ననే వార్నిష్ కొట్టించా. దీనికి జిగురు పూస్తావా? నా కొట్టు ఎక్కడో తెలీక తప్పిపోయినవాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు టీచరమ్మా, పో!"

టీచర్ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. చీనావాళ్ల వీధిలో ఒక ఇంట్లో మనిషి పోతే, ఆ అశుభం అంటకుండా ఇరుగుపొరుగు తలుపులకు ఎర్ర కాగితం అంటిస్తారు. చావు జరిగిన ఇంటికి అంటించరు. ఈ వీధిలో ముసలివాళ్లకు కొదవ లేదు గానీ, ఒక్కొక్కరూ మహా మొండిఘటాలు. ఆమె వచ్చిన ఈ నాలుగేళ్లలో ఒక్కరూ పోలేదు. అందుకే ఆ ఆచారం ఆమె కంట పడే అవకాశమే రాలేదు.

తెల్లవారుజామున పువా ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి రేవుకు వెళ్లాడు. అధికారుల కోసం పెద్ద నదిరొయ్యలు తెచ్చి, తన తాతగారి పద్ధతిలో నూడుల్స్ వండి అందరి నోళ్లూ మూయించాలని ఆయన రహస్య పథకం. పలకలు తీయలేదు. చప్పుడు లేదు. ఊరు ఆలస్యంగా లేచింది. లేచిన లియూ ఆంటీకి తన తలుపు పక్కన ఎర్ర కాగితం కనిపించింది. పక్క తలుపు చూసింది, ఎరుపు. అవతలి తలుపు చూసింది, ఎరుపు. పువా తలుపు చూసింది. ఏమీ లేదు.

"అయ్యో పువా!" అని అక్కడే కూలబడింది.

ముందు తలుపు బాదారు, వెనక తలుపు బాదారు. ఫోను చేస్తే మూసిన కొట్లో గోడకున్న ఫోను మోగి మోగి ఆగింది. రాత్రి అంబులెన్సు చప్పుడు విన్నట్టు లియూ ఆంటీకి గుర్తొచ్చింది. అది డూరియన్ పళ్ల లారీ అని ఆమెకు ఎవరు చెప్పాలి? పోయింది ఆస్పత్రిలోనట, వాళ్ల కుల సంఘం వాళ్లే కాగితాలు అంటించి వెళ్లారట, శవపెట్టె మధ్యాహ్నానికి వస్తుందట. ఒక్కో నోటా ఒక్కో "ట" చేరి, కాఫీ తాగే వేళకల్లా చావు ఖాయమైపోయింది. ఆ కాఫీ కూడా ఆ రోజు ఊళ్లో ఎవరికీ లేదు.

టీచర్ వీధి మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా షామియానా, గుండ్రటి బల్లలు, కుర్చీలు, వాటి మీద మూతలు పెట్టిన గిన్నెలు కనిపించాయి. ఆమె కళ్లు చెమర్చాయి. తను అడగకుండానే, ఊరంతా కలిసి అతిథుల కోసం ఇంత ఏర్పాటు చేసిందా!

లియూ ఆంటీ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "చూశావా టీచరమ్మా, ఎంత హఠాత్తుగా వచ్చిపడిందో!"

"హఠాత్తేముంది ఆంటీ, ఈ రోజే తేలిపోతుందని నాకు వారం ముందే తెలుసు."

"వారం ముందే తెలుసా! మాతో ఒక్క ముక్క అనలేదే!"

"చెబితే కంగారు పడతారని. మీరేం దిగులు పెట్టుకోకండి. అంతా సంతోషంగా జరిగిపోవాలి."

లియూ ఆంటీ చేతులు వెనక్కి లాక్కుంది. కెలంతాన్‌లో మనుషులు ఇంత రాతిగుండెలా అన్నట్టు చూసింది. అప్పుడు మొయిదీన్ భాయ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన రొట్టెల పెనం కింద మంట లేదు.

"పక్క కొట్టువాణ్ణి, నాకే చెప్పకుండా పోయాడు టీచరమ్మా. నా గుమ్మానికి ఈ ఎర్ర కాగితం అంటించి వెళ్లారు చూడు, అదే నాకందిన కబురు."

టీచరుకు విషయం అర్థం కావడానికి మరో రెండు ప్రశ్నలు పట్టాయి. పువా పోయాడన్న మాట విని ముందు గొల్లుమంది. ఎలా తెలిసిందని అడిగి, జవాబు విన్నాక ఏడుపు ఆగిపోయింది. ఆ కాగితం తనదే. మరి పువా ఏడీ? నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోగా వ్యాను వచ్చి ఆగింది.

పెద్ద అధికారి రమ్లన్ దిగాడు. నవ్వితే జీతం కోస్తారన్నట్టుండే ముఖం ఆయనది. ఇప్పుడు నోరు విప్పితే వీధి నవ్వులపాలు, వీధితో పాటు తన నాలుగేళ్ల ఆశా మట్టిపాలు. అందుకే టీచర్ నిజం దాచేసింది. రమ్లన్ షామియానాను చూసి, టోపీ తీసి, తనవాళ్లతో కలిసి చివరి వరసలో కూర్చున్నాడు. కూర్చున్నవాళ్లకు వడ్డించకుండా ఉండడం ఆ ఊరికి రాదు. పులుసు నూడుల్స్ వచ్చాయి, ఆకులో చుట్టి కాల్చిన చేపముక్కలు వచ్చాయి, పాండన్ ఆకు వాసనేసే జిగురన్నం మిఠాయి వచ్చింది. "ఇది పువాకి ప్రాణం," "ఇది అడిగి మరీ వండించుకునేవాడు," అంటూ ప్రతివాళ్లూ పోయినాయన పేరు చెప్పి ఆయన పళ్లెంలో వేశారు.

తింటున్నంతసేపూ కథలే. వరదొచ్చిన ఏడు నీళ్లు సైన్‌బోర్డుదాకా వస్తే, పువా చక్కెర బస్తాలు నీళ్లకు వదిలేసి మేడమీద వీధివాళ్లందరికీ చోటిచ్చాడు. ముస్లింలైన మలయ్ పొరుగువాళ్లు మొహమాటం లేకుండా కూర్చోవాలని ఆయన తాత నాటి నుంచీ ఆ కొట్టు పొయ్యిమీదకు పంది మాంసం ఎక్కలేదు. గని మూసిన రోజు పనిపోయినవాళ్లు ఇంటికెళ్లడానికి మొహం చెల్లక కూర్చుంటే, పొద్దుపోయేదాకా పలకలు వెయ్యలేదు. టీచర్ రాసుకున్న ఉపన్యాసంలో ఇందులో ఒక్కటీ లేదు. ఈ ఊరిని చరిత్ర పాఠంలా చూపించబోయిన తనను తలచుకుని సిగ్గుపడింది, ఆ మనుషులను చూసి గుండె నిండిపోయింది.

రేవులో పడవ ఆలస్యం కావడంతో ఇంతసేపూ అక్కడే ఉండిపోయిన పువా, సరిగ్గా అప్పుడే సైకిల్ మీద తడి బుట్టతో వచ్చాడు. షామియానా చూశాడు. మొయిదీన్ హోటల్లో పెనం చల్లగా ఉండడం చూశాడు. ఆ పెనం చల్లారాలంటే మొయిదీన్ పోవాలి, మరో కారణం ఉండదు. బుట్ట కింద పెట్టి, చివరి వరసలో రమ్లన్ పక్కన కూలబడ్డాడు.

"ఎప్పుడు పోయాడు బాబూ?"

"రాత్రేనట. మీకు బాగా తెలుసా?"

"తెలుసా ఏంటి! నలభై ఏళ్లు పోట్లాడుకున్నాం. వాడి టీలో నీళ్లెక్కువని ఊరంతా చెప్పాను. కానీ బాబూ, వాడు పిండి గాల్లోకి విసిరి సాగదీస్తుంటే చూశావా? పువ్వుల దుప్పటి విదిలించినట్టుంటుంది. ప్రతి శుక్రవారం పెరటి దారిన వాడి రొట్టె తెప్పించుకుని, ఎవరూ చూడకుండా తినేవాణ్ణి. ఒక్కసారైనా బావుందని చెప్పలేదు." పువా భోరుమన్నాడు. రమ్లన్ తన రుమాలు తీసిచ్చాడు.

ముందు వైపు మైకు గరగరలాడింది. "పువా నాకు అన్నకంటే ఎక్కువ," అంటోంది మొయిదీన్ గొంతు. "వాడి కాఫీ మాడు కంపని ముప్పై ఏళ్లు ప్రచారం చేశాను. అబద్ధం. ఈ రాష్ట్రంలో అలాంటి కాఫీ లేదు. పొద్దున్నే వాడి పలకల చప్పుడు వినకపోతే నా చెయ్యి పిండిలోకి పోదు."

పువా రుమాలులోంచి తలెత్తాడు. మొయిదీన్ చూశాడు. మైకు జారి కిందపడింది. లియూ ఆంటీ పెట్టిన కేక రేవుదాకా వినబడి ఉంటుంది.

"నువ్వు చావలేదా!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"బతికుండి నా చేత అన్ని మాటలు అనిపిస్తావా?" మొయిదీన్ ఎగిరాడు.

"బతికుండి నన్ను ఏడిపిస్తావా? అదీ గవర్నమెంటు రుమాలులో!"

టీచర్ ముందుకొచ్చి, ఎర్ర కాగితాలు తనవేనని, ఆచారం తెలియక చేసిన పనని అందరి ముందూ ఒప్పుకుంది. అంతా రమ్లన్ వైపు చూశారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నారు. జీతం కోసినా సరేనని పగలబడి నవ్వుతున్నాడు.

"టీచర్‌గారూ," అన్నాడు కళ్లు తుడుచుకుని, "నేను గోడల వయసు చూసి పోదామని వచ్చాను. ఇన్ని కథలున్న వీధిని పడగొట్టమని సంతకం పెట్టి, ఇంటికెళ్లి అన్నం ఎలా తినను? రోడ్డు వెనక నుంచి వేసుకుంటాం. ముందు ఆ బుట్టలో ఏముందో చెప్పండి."

బుట్టలో రొయ్యలున్నాయి. పువా పలకలు దబదబా తీశాడు, మొయిదీన్ పెనం కింద మంట వెలిగించాడు, షామియానా సాయంత్రందాకా విప్పలేదు.

మర్నాడు తెల్లవారుతూనే పలకల చప్పుడు సరైన వేళకే వినిపించింది. దానికి లేచి ఆనందంగా వీధిలోకి వచ్చిన టీచరుకు మొయిదీన్ మొదటి కస్టమరుతో అంటున్న మాట చెవిన పడింది.

"పక్కకెళ్లకు తమ్ముడూ, అంతా మాడు కంపు. నిన్న నేను మైకులో పొగిడింది చచ్చినవాణ్ణి, వీణ్ణి కాదు."