ఒక్క తుఫాన్ సరిపోదు

రేపు మధ్యాహ్నంలోగా వాగొడ్డున ఉన్న ఇరవై రెండు ఇళ్లవాళ్లనూ బడికి చేర్చాలి. పంచాయతీ కార్యదర్శి ప్రేమలత ఆ ఉదయం పెట్టుకున్న పని అదొక్కటే. అదే పెద్ద పని. పోయినేడు వాగు పొంగినప్పుడు ఇల్లు కదలనన్న దుర్గమ్మను నడుముకు తాడు కట్టి లాక్కురావలసి వచ్చింది. ఈసారి ఆ ముసలిప్రాణానికి ఏమైనా అయితే తనను తాను క్షమించుకోలేనని ప్రేమలత భయం.

వాయుగుండం గురించి పేజీన్నర రాసి, ట్రాక్టరు మైకులో చదవమని పంచాయతీలో పన్నులు వసూలుచేసే కారోబార్ సక్రుకు ఇచ్చింది. సక్రుకు అంత చదివే ఓపిక లేదు. నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.

"రేపు పొద్దుగాల తుఫాన్ వస్తది. వాగొడ్డోళ్లందరు బట్టలు, ఆధార్ కార్డులు పట్టుకొని ఎనిమిదింటికి బడికాడ ఉండాలె."

మరిపెడ పక్కనున్న ఆ ఊళ్లో తుఫాన్ అంటే పెళ్లిళ్లకూ జాతరలకూ జనాన్ని కుక్కి తీసుకెళ్లే జీపు. గాలివాన తుఫాను సముద్రం ఒడ్డువాళ్ల తంటా. పైగా ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఏడికట?" అంది దుర్గమ్మ.

"మేడారమే అయ్యుంటది," అన్నాడు పక్కింటి సమ్మయ్య.

ఆ మాట నాలుగిళ్లు దాటేసరికి ప్రయాణం ఉచితమైంది, పది ఇళ్లు దాటేసరికి కోడికూర కలిసింది. "వాగొడ్డోళ్లకేనా, మేం మనుషులం గాదా?" అని పై వాడవాళ్లు కూడా అలిగి మూటలు కట్టారు.

మర్నాడు సన్నగా తుంపర పడుతుంటే ప్రేమలత బడికి వచ్చి నిలబడిపోయింది. ఊరంతా అక్కడే ఉంది. కొత్త చీర కట్టి, చంకలో పుంజుతో అందరికన్నా ముందు దుర్గమ్మ.

"తుఫాన్ ఏదమ్మా?"

"దార్ల ఉన్నదవ్వా. పగటాళ్లకు వస్తది."

"ఎన్నొస్తయి?"

"ఒక్కటే."

"గింతమందికి ఒక్కటేం సరిపోతది? ఇంకోటి పిలువు బిడ్డా," అన్నాడు సమ్మయ్య. "ముందర సీటు మాత్రం నాది."

ప్రేమలతకు అప్పుడు వెలిగింది. నిజం చెబితే ఈ తుంపరకు ఒక్కరూ నిలవరు. గొంతు సవరించుకుంది.

"ఒక్కటే అయినా పెద్దదే, బాపు. అందర్ని చూసుకుంటది. అది వచ్చేదాంక ఎవరు కదలొద్దు. అన్నం వండిస్తున్న."

రెండింటికి ఆకాశం విరుచుకుపడింది. నాలుగింటికి వాగు ఒడ్డు దాటింది. వరండాలో నిలబడ్డ దుర్గమ్మకు తన ఇంటి కప్పు తప్ప మరేమీ కనిపించలేదు.

"తుఫాన్ అంటే గిదేనా, బిడ్డా?"

"గిదే, అవ్వా."

"ముందుగాల్నే చెప్తే నేను రాకపోదును," అని ప్రేమలత చేయి గట్టిగా పట్టుకుంది. ప్రేమలతకు కళ్లు చెమర్చాయి.

ఒక్క ప్రాణమూ పోకుండా ఊరంతటినీ ఎలా తరలించారో రాసి పంపమని మండలం నుంచి అడిగారు. ప్రేమలత కాసేపు ఆలోచించి, "ప్రజలకు తుఫాను పట్ల సంపూర్ణ అవగాహన కల్పించడమైనది," అని రాసి సంతకం పెట్టింది.