నదీతీరాన ఈదులచెర్లు

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో వచ్చే అవకాశం లేని ఏ పాఠమూ ఇకమీదట ఈదులచెర్లు సర్కారు బడిలో చెప్పబడదని హెడ్మాస్టరు గంగాధరప్ప దసరా సెలవులు ముగిసిన నాడు ప్రార్థన దగ్గర ప్రకటించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తక్కిన ఇద్దరు మేష్టర్లు కూడా కొట్టారు. ఇంత గొప్ప విద్యాసంస్కరణ పావగడ తాలూకాలో అంతకు ముందెన్నడైనా జరిగినట్టు ఎవరికీ గుర్తు లేదు.

సంస్కరణ ఊరికే పుట్టలేదు. ఆ జూన్‌లో జరిగిన తాలూకా మీటింగులో, ఫలితాలు తక్కువ వచ్చిన బళ్ళ హెడ్మాస్టర్లను విద్యాధికారి పేరుపేరునా లేపి, మధ్యాహ్నం భోజనాల దాకా నిలబెట్టాడు. ఈసారి కూడా ఇంతే అయితే బస్సు పోని ఊరికి బదిలీ చేస్తానని శుభవార్త చెప్పాడు. గంగాధరప్ప యాభై దాటిన మనిషి. ఆయన మోకాళ్ళ నొప్పిలోంచే ఈ కొత్త విద్యావిధానం పుట్టింది.

ఆయన పాత ప్రశ్నపత్రాలన్నీ తెప్పించుకుని, గ్రహాల లెక్క కట్టినట్టు లెక్క కట్టాడు. గుండె బొమ్మ పోయినేడు వచ్చింది గనుక ఈ ఏడు రాదు, ఊపిరితిత్తులు వస్తాయి. కాబట్టి ఆ సంవత్సరం ఈదులచెర్లు పిల్లలకు ఊపిరితిత్తులు ఉన్నాయి గాని గుండె లేదు. విత్తనం మొలకెత్తడం ఈమధ్యే వచ్చేసింది, తీసేశాడు. పాటల పీరియడు, ఆటల పీరియడు వాటంతట అవే పోయాయి. 'కరువు-కారణాలు' అన్న పాఠానికి కూడా ఆ ఏడు యోగం లేదని తేలింది. ఆ పాఠం వదిలేస్తున్నామని ఆయన చెబుతున్నప్పుడు కిటికీ అవతల రైతు బోరయ్య ఎండిపోయిన తన వేరుశనగ చేనులోకి మేకలను తోలుతున్నాడు. వరసగా మూడో కరువు అది.

ఇక భాష. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఊరు కన్నడ సీమలో ఉంది గనుక పరీక్ష రాయాల్సింది కన్నడం. అర్థం చేసుకుని రాయాలంటే చాలా టైము వృథా అవుతుంది. దానికీ గంగాధరప్ప విరుగుడు కనిపెట్టాడు.

"ప్రశ్నంతా సదవొద్దండప్పా," అని చెప్పేవాడు ప్రేమగా. "దాంట్లో మీకు తెలిసిన మాట ఒగటి పట్టుకోండి. పట్టుకున్న్యాక ఆ మాటకి ఏ పేరా ఉండాదో అది దించేయండి. మతి ఉపయోగించినారంటే మార్కులు పోతాయి."

అన్నిటికంటే ఎక్కువ మార్కులు 'నమ్మ ఊరు' అనే వ్యాసానికి. మన ఊరు అన్నమాట. దాన్ని కావేరి వైపు ఎవరో పెద్దమనిషి గైడులో అందంగా రాసిపెట్టాడు. మా ఊరు నదీతీరంలో ఉంది. మూడు కాలాల్లోనూ పైరు పచ్చగా కళకళలాడుతుంది. ఎటు చూసినా కొబ్బరితోటలు. మా ఊరి నీరు అమృతం. మా జనానికి ఏ కొరతా లేదు, పనికోసం ఎవరూ ఊరు విడిచి పోరు. దీన్ని పిల్లలు పొద్దునా సాయంత్రమూ ఒక్క గొంతుతో చదివేవాళ్ళు. ఆ గొంతు వింటూ ఊరి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో రెండు మైళ్ళ అవతలి బోరింగు దగ్గరికి నడిచేవాళ్ళు. చదువు వినబడుతున్నందుకు వాళ్ళకు సంతోషంగానే ఉండేది.

వ్యాసం అందరికంటే బాగా అప్పజెప్పేది రంగక్క కూతురు దాసమ్మ. నిద్రలో లేపి 'తోట' అన్నా చాలు, కొబ్బరి దగ్గర మొదలుపెట్టి ఆగకుండా పోయేది. గంగాధరప్ప ఆ పిల్లను చూసుకునే పగలు ధైర్యంగా ఉండేవాడు.

అట్లాంటి సమయంలో రంగక్క బడి దగ్గరికొచ్చి గుంజకానుకుని నిలబడింది.

"మేష్ట్రా, విత్తనానికని దాసిపెట్టిన శెనక్కాయలు గూడా వలుసుకోని తినేసినాం. బెంగుళూరు నుంచి కట్టడాల మేస్త్రీ లారీ తెస్తానన్న్యాడు. సర్కారోళ్ళు చెరువులో పూడిక తీసే కరువు పనిస్తే నేను యాడికీ పోను. పని రాకుంటే బిడ్డని గూడా తోలకపోవాల్సిందే."

"అయ్యో, పిల్లని మాత్రం తీసకపోవద్దక్కా!" అన్నాడు గంగాధరప్ప. "ఏడు పాసయిందంటే పావగడ హాస్టల్లో సీటొస్తాది. మూడు పూటలా కూడు పెడతారు."

"అందుకే గదప్పా నా ఆశ. బిడ్డ కడుపు నిండుతాదని."

"కరువు చూసేదానికి కమిటీ వస్తాండాది. వాళ్ళు 'కరువే' అని రాస్తే పని దానంతట అదే వస్తాది. భయపడొద్దు."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సాయంత్రం హనుమంతరాయుడి గుడికి పోయి కొబ్బరికాయ కూడా కొట్టాడు.

కమిటీ వచ్చింది. మూడు జీపులు, ఒక పెద్ద అధికారి, ఆయన వెనక తాసిల్దారు, ఆయన వెనక విద్యాధికారి. చేనుకు పోదామని బోరయ్య చేతులు జోడించాడు గాని ఎండ తీవ్రంగా ఉన్నందున, నీడ ఉన్న ఒకే ఒక్క కట్టడమైన బడి వరండాలో పరిశీలన జరపాలని నిర్ణయమైంది. ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవని తాసిల్దారుకు తెలుసు గనుక పావగడ నుంచి కొబ్బరిబొండాలు తెప్పించాడు. ఊరి జనమంతా ఎండలో నిలబడి, పెద్దలు కరువును పరిశీలించడానికి సిద్ధమై బొండాలు తాగుతుంటే చూశారు.

"పెద్దవాళ్ళు కరువు పని కోసం అబద్ధాలాడతారు," అని పెద్ద అధికారి గొంతు సవరించుకున్నాడు. "కంటికి కనబడేది కూడా నమ్మడానికి లేదు. పసిపిల్లల నోట అబద్ధం రాదు. నా సర్వీసంతా నేను పాటించిన సూత్రం ఇదే." తాసిల్దారు ఆ సూత్రానికి తల ఊపాడు. అధికారి ఏడో తరగతి పిల్లలను వరసలో నిలబెట్టి, కన్నడంలో, చాలా దయగా అడిగాడు: "మీ ఊరు ఎట్లా ఉంది? భయపడకుండా చెప్పండి."

ఊరు అన్న మాటను పిల్లలు పట్టుకున్నారు. తర్వాత వాళ్ళను ఆపడం దేవుడి తరం కూడా కాదు. నదీతీరం వచ్చింది. పచ్చని పైరు వచ్చింది. కొబ్బరితోటలు వచ్చేసరికి అధికారి కాళ్ళ దగ్గరున్న బొండాల కుప్ప వైపు చూసి, సాక్ష్యం సరిపోయిందన్నట్టు తల పంకించాడు. విద్యాధికారి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆయన గంగాధరప్పను చూసి నవ్వాడు.

గంగాధరప్పకు ఒళ్ళంతా పులకరించింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు! ఆ పులకింత సగంలో ఉండగా జనంలో రంగక్క కనబడింది. ఆమెకు కన్నడం వచ్చు. చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

బోరయ్య ఇక ఉండబట్టలేక, పీకి తెచ్చిన వేరుశనగ చెట్టును అధికారి ముందు పెట్టాడు. "సామీ, అది బడిలో పాఠం. ఈ చెట్టు చూడండప్పా, ఒక్క కాయన్నా ఉండాదా?" ఒక్క చెట్టును బట్టి తాలూకాను అంచనా వేయడం శాస్త్రీయం కాదని అధికారి వివరించాడు. అయినా ఎవరికీ అన్యాయం జరగకూడదని ముందు వరసలో ఉన్న దాసమ్మను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు చెప్పమ్మా. మీ బావిలో నీరుందా?"

దాసమ్మ తల్లి వైపు చూడలేదు. మేష్టరు వైపు చూసింది. మంచి విద్యార్థి ఎటు చూడాలో అటే చూసింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. "సార్, ఇది గైడులోది, మా ఊరు ఇట్ల లేదు" అంటే చెరువు పని వస్తుంది, పిల్ల ఊళ్ళో ఉంటుంది. అది గంగాధరప్ప నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన విద్యాధికారి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గైడులోది అని ఒప్పుకుంటే ఆ నవ్వు ఏమవుతుందో, బస్సు పోని ఊరు ఎక్కడుంటుందో గంగాధరప్పకు ఒక్క క్షణంలో కళ్ళకు కట్టింది. మాట మింగేసి, చెప్పమన్నట్టు తలూపాడు.

దాసమ్మ 'నీరు' పట్టుకుంది. "మా ఊరి నీరు అమృతం," అని మొదలుపెట్టి, ఎవరూ ఊరు విడిచి పోరన్న దాకా గడగడా చెప్పేసింది. అధికారికి కళ్ళు చెమర్చాయి. ఆ పిల్లకు తన జేబులోని పెన్ను బహుమతిగా ఇచ్చాడు.

ఈదులచెర్లులో కరువు లేదని ఉత్తర్వు వచ్చింది. ఆ వారంలోనే లారీ కూడా వచ్చింది. సామాను ఎక్కిస్తుంటే గంగాధరప్ప పరుగున పోయి, పరీక్ష అయ్యేదాకా పిల్లను తన ఇంట్లో వదలమని బతిమాలాడు.

"నీ ఇంట్లో ఎందుకు సామీ?" అంది రంగక్క. "నా బిడ్డ నువ్వు నేర్పించిందే చెప్పింది గదా. ఒక్క మాటన్నా తప్పు చెప్పిందా?"

"లేదక్కా. ఒక్కటీ తప్పు లేదు."

"మల్ల మేమెందుకు పోతాండాం?"

లారీ కదిలింది.

మార్చి నాటికి ఏడో తరగతిలో మిగిలింది అంగడి వాళ్ళ పిల్లలు, పటేలు మనవడు, గంగాధరప్ప సొంత కూతురు. లారీ ఎక్కిన పిల్లల పేర్లు పరీక్షకు ముందే కొట్టేసినందువల్ల లెక్కలోకి రాలేదు. మిగిలినవాళ్ళందరూ పాసయ్యారు. నూటికి నూరు! పావగడలో సన్మాన సభ జరిగింది. విద్యాధికారి స్వయంగా శాలువా కప్పి, "వనరులు లేవని ఏడ్చే హెడ్మాస్టర్లు ఈయన్ను చూసి నేర్చుకోవాలి. నదీతీరాన ఉన్న బడులు కూడా సాధించలేనిది ఈయన సాధించాడు" అన్నాడు. తక్కిన హెడ్మాస్టర్లు రహస్యం చెప్పమని చుట్టుముట్టారు. గంగాధరప్ప అదేపనిగా శాలువా అంచు సర్దుకున్నాడు.

జూన్‌లో మంచి వాన పడింది. రంగక్క కూతుర్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి, మళ్ళీ ఏడులో చేర్పించడానికి నేరుగా బడికే వచ్చింది. బడి ముందు అప్పటికే తిరుమణి నుంచి, రాయచెర్లు నుంచి వచ్చిన తల్లిదండ్రులు పిల్లల చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. నూటికి నూరు బడి పేరు కాపాడటానికి చేరే పిల్లలకు చిన్న పరీక్ష పెట్టవలసి వస్తోంది. దాసమ్మ చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. గంగాధరప్ప ఆ చేతులు చూసి, ఆ పిల్లను ఎట్లాగైనా చేర్చుకోవాలని నిశ్చయించుకుని, అన్నిటికంటే సులువైన ప్రశ్న అడిగాడు.

"మీ ఊరు ఎట్లుండాది, చెప్పమ్మా."

దాసమ్మ ప్రశ్నంతా విన్నది. కాసేపు ఆలోచించింది. "మా ఊర్లో నది లేదు సార్," అంది.

వరండాలో నిలబడ్డ తల్లిదండ్రులంతా వింటున్నారు. గంగాధరప్ప కళ్ళు దించుకుని, ఈ ఏడు సీటు లేదన్నాడు.

ఇప్పుడు మీరు గంగాధరప్పను తిట్టుకుంటూ ఉంటారు. తిట్టండి, ఆయనకు అలవాటే. కాకపోతే మొన్న మీ పిల్లవాడి కోసం బడి వెతుక్కుంటూ పోయినప్పుడు, గేటు దగ్గర మీరు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏదో ఒకసారి గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత తిట్టండి.